నీలి పుస్తకం కోసం నిలబడ్డ వరుస

బీజాపూర్ రోడ్డు ముచ్చట్లు – 17వ భాగం

పోయిన భాగంలో మర్రిచెట్ల దగ్గర ఆగాం. ఈసారి ఆ చెట్ల నీడన బస్సు కోసం నిలబడ్డ మనిషి చేతిలోకి చూద్దాం. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవరు. అందులో పదో తరగతి మెమో, ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, వాటన్నిటికీ రెండేసి జిరాక్సులు. కనకమామిడి స్టేజీలో ఇలాంటి కవరు పట్టుకున్న మనిషి ఎటు పోయే బస్సయినా ఎక్కవచ్చు. తూర్పున మొయినాబాద్, అప్పా జంక్షన్ దాటితే నగరంలోని పాస్‌పోర్టు సేవా కేంద్రాలు. పడమట చేవెళ్ల దాటి, మన్నెగూడ దగ్గర కుడికి తిరిగితే వికారాబాద్ పోస్టాఫీసు. ఉత్తరాలు పంచే ఆ ఇంట్లోనే ఇప్పుడు పాస్‌పోర్టుకు వేలిముద్రలు కూడా తీసుకుంటున్నారు. ఈ రెంటి నడుమ గండిపేట ఒడ్డున చిలుకూరు బాలాజీ ఉన్నాడు. ఆయన సంగతి తర్వాత.

నా చిన్నప్పుడు ఈ దారిలో పాస్‌పోర్టున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. "వాళ్లింట్ల పాస్‌పోర్టున్నది" అంటే "వాళ్లకు బాయి కింద మడి ఉన్నది" అన్నట్టే వినిపించేది. సంబంధాలు మాట్లాడేటప్పుడు రెండూ ఒకే గొంతుతో చెప్పేవాళ్లు. ఇవాళ ఇంటర్ పిల్లలు కూడా, వెళ్లే పని ఉన్నా లేకున్నా, ఒకటి తీయించి బీరువాలో పెట్టుకుంటున్నారు. ఈ రెండు కాలాల మధ్య జనం ఎగబడ్డ ప్రతిసారీ సర్కారు ఏం చేసిందన్నదే ఈ భాగం కథ. నేను గమనించింది ఒకటుంది: వరుస ఎన్నడూ మాయం కాలేదు. జాగా మార్చుకుంటూ పోయింది. దాని వెంట నడిస్తే చరిత్ర దానంతటదే దొరుకుతుంది.

మూసీ మీద గండిపేట కట్ట పూర్తయిన 1920లోనే ఢిల్లీ సర్కారు కూడా ఒక కట్ట వేసింది. దాని పేరు ఇండియన్ పాస్‌పోర్ట్ చట్టం. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు మన దేశంలో పాస్‌పోర్టు ఇచ్చే ఆనవాయితీయే లేదు. కోరంగి రేవు నుంచి రంగూన్ పోయిన గోదావరి కూలీకి కావలసింది ఓడ టికెట్టు, ఒంట్లో సత్తువ. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడలో నాటాల్ చెరకు తోటలకు పోయినవాళ్లలో తెలుగువాళ్లున్నారు. వాళ్ల పేరు మీద ఉన్నది కూలి ఒప్పందం, పాస్‌పోర్టు కాదు. ఆ యుద్ధం వచ్చాక, డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం కింద, దేశం విడవాలన్నా దేశంలో అడుగు పెట్టాలన్నా పాస్‌పోర్టు ఉండి తీరాలన్నారు. యుద్ధం ముగిసింది, కాగితం మాత్రం ముగియలేదు. 1920 చట్టం దాన్ని శాశ్వతం చేసింది.

ఆ చట్టంలో ఒక వింత ఉంది, గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది. అది మాట్లాడింది దేశంలోకి వచ్చేవాళ్ల గురించి. దేశం నుంచి పోయేవాళ్ల గురించి అందులో ఏమీ లేదు. పోయేవాళ్లకు పాస్‌పోర్టు ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా దొరవారి ఇష్టం. 1947 తర్వాత దొర మారాడు, ఇష్టం మారలేదు.

మన వైపు జనానికి పాస్‌పోర్టు అనే మాటతో నిజంగా పని పడింది దేశ విభజన తర్వాత. 1948 జూలైలో పాకిస్తాన్ నుంచి వచ్చేవారికి పర్మిట్ల పద్ధతి పెట్టారు. 1952 అక్టోబరు 15 నుంచి రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు, వీసా వచ్చాయి. కరాచీలో చెల్లెలున్న హైదరాబాదీ ఇంటికి పెళ్లి పిలుపయినా, చావు కబురయినా ఆ కాగితం మీదుగానే పోవాలి. 1954లో కేంద్రం తొలిసారి ఐదు ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయాలు తెరిచింది: బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు, నాగపూర్. ఆ ఐదింటిలో హైదరాబాద్ లేదు.

ఆ రోజుల్లో గిరాకీ పెరిగితే సర్కారు చేసిన పని చాలా తేలిక. తలుపు మూసేది. 1950లలో ఇంగ్లండు ఫ్యాక్టరీల్లో పని దొరుకుతుందని జనం కదలగానే, చదువు రానివాళ్లకూ, నెత్తిన మూట పెట్టుకుని తిరిగి అమ్ముకునే చిరువ్యాపారులకూ పాస్‌పోర్టు ఇవ్వకుండా బిగించారు. విదేశంలో దేశం పరువు పోతుందన్నది ఒక సాకు. అక్కడి సర్కారు వద్దంటోందన్నది ఇంకో సాకు. ఫలితం ఊహించడం కష్టం కాదు. తలుపు మూసిన చోటల్లా గోడకు కన్నం పడింది, దొంగ పాస్‌పోర్టుల వ్యాపారం పెరిగింది. వరుసను తగ్గించాలంటే వరుసలో నిలబడే అర్హతనే తగ్గించడం అన్న ఈ ఆలోచన మళ్లీ మళ్లీ వస్తుంది, వేషం మార్చుకుని.

ఇక్కడ కాస్త నెమ్మదిగా నడుద్దాం. ఈ కథకు మలుపు 1967లో ఉంది, ఆ మలుపులో తెలుగు నేలతో ముడిపడ్డవాళ్లు కనీసం ముగ్గురున్నారు.

సత్వంత్ సింగ్ సాహ్నీ అని ఢిల్లీ వ్యాపారి. మోటారు విడిభాగాలు దిగుమతి చేసుకునేవాడు, దాని కోసం దేశాలు తిరిగేవాడు. 1966 ఆగస్టులో ఆయన్ను పాస్‌పోర్టులు తిరిగి అప్పగించమన్నారు. ఆయన సుప్రీంకోర్టుకు పోయాడు. సర్కారు వాదన ఇలా ఉంది: పాస్‌పోర్టు అనేది ఫలానా మనిషిని కాస్త చూసుకోమని మా సర్కారు మీ సర్కారుకు రాసే సిఫారసు చీటీ. చీటీ మాది. రాయడం, రాయకపోవడం మా ఇష్టం. ఇందులో పౌరుడి హక్కు మాట ఎక్కడిది?

వినడానికి బాగానే ఉంది. అయితే ఆ చీటీ లేకుండా విమానం ఎక్కించుకోరు, ఓడ ఎక్కించుకోరు. కాబట్టి చీటీ ఆపడమంటే మనిషిని ఆపడమే. మనిషిని ఆపాలంటే రాజ్యాంగం 21వ అధికరణం ప్రకారం ఒక చట్టం ఉండాలి. ఆ చట్టం ఏది? 1920 నాటి చట్టం వచ్చేవాళ్ల గురించే గదా! నలభై ఏడేళ్లుగా ఈ దేశం తన పౌరులను గుమ్మం దగ్గర ఏ చట్టమూ లేకుండానే ఆపుతూ వచ్చిందని కోర్టులో తేలింది. విదేశాలకు పోవడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, ఒకరికిచ్చి ఒకరికి ఆపే హద్దులేని అధికారం సమానత్వానికి విరుద్ధమనీ 1967 ఏప్రిల్ 10న తీర్పు వచ్చింది. ఐదుగురిలో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరోవైపు. తీర్పు చెప్పిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు, రాజమండ్రి మనిషి, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి.

మర్నాడే, ఏప్రిల్ 11న, ఆయన పదవికి రాజీనామా చేశాడు. ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డాడు. ఇలా కోర్టు మెట్లు దిగి అలా రాజకీయాల మెట్లెక్కడం బాగుందా అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడగవచ్చు. నాకైతే ఆ తొందర రుచించదు. కానీ వెళ్తూ వెళ్తూ ఆయన తెరిచిపోయిన తలుపు మాత్రం మళ్లీ మూసుకోలేదు.

తీర్పుతో కేంద్రం చేతిలో ఏ చట్టమూ లేకుండా పోయింది. మే 5న ఆర్డినెన్స్ తెచ్చారు. అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. నాలుగు రోజుల్లో ఎన్నిక ఫలితం వచ్చింది, సుబ్బారావు ఓడిపోయాడు. గెలిచిన జాకిర్ హుస్సేన్ పుట్టింది హైదరాబాదులో. ఆర్డినెన్స్ స్థానంలో తెచ్చిన పాస్‌పోర్టుల చట్టానికి జూన్ 24న ఆమోదముద్ర పడింది. అంటే, ఓడిన అభ్యర్థి తీర్పు వల్ల పుట్టిన చట్టం మీద గెలిచిన అభ్యర్థి సంతకం చేశాడన్నమాట. పాస్‌పోర్టు వాళ్లు ఏటా జూన్ 24న జరుపుకునే సేవా దివస్ ఆ సంతకం రోజే.

ఆ చట్టం అందరికీ పాస్‌పోర్టు ఇస్తామనలేదు. ఏయే కారణాల మీద కాదనవచ్చో ఆరో సెక్షన్‌లో రాసింది. కాదంటే ఎందుకో కాగితం మీద పెట్టాలంది, అప్పీలుకు దారి చూపింది. 1977లో మేనకాగాంధీ పాస్‌పోర్టును స్వాధీనం చేసుకుని, ప్రజాప్రయోజనం రీత్యా కారణం చెప్పం అన్నప్పుడు, సుప్రీంకోర్టు 1978 జనవరి 25న ఇచ్చిన తీర్పులో ఆ ముడిని ఇంకాస్త బిగించింది. చట్టం ఉంటే చాలదు, అది చూపే పద్ధతి న్యాయంగా కూడా ఉండాలంది. ఈ కోర్టు గొడవంతా బీజాపూర్ రోడ్డుకు ఏం సంబంధమని పాఠకులు విసుక్కోవచ్చు. సంబంధం ఉంది. అడుక్కునే వస్తువు కాస్తా అడగదగ్గ వస్తువు అయినాకే జనం వరుస కట్టారు. దయ కోసం నిలబడ్డప్పుడు దాన్ని వరుస అనరు, పడిగాపులంటారు.

వరుస కట్టించింది పెట్రోలు. 1973లో చమురు ధరలు ఎగిశాక గల్ఫ్ దేశాల్లో ఇసుక మీద పట్టణాలు లేచాయి, వాటికి చేతులు కావలసి వచ్చాయి. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయికి, హైదరాబాద్ పాతబస్తీ నుంచి సౌదీకి, కడప, కోనసీమల నుంచి కువైట్‌కు. మన దారిలో ఆ గాలి కాస్త తక్కువే. పూలు, కూరగాయలు నగరం బజారుకు పోతుంటే దుబాయిదాకా పోవలసిన అవసరం అందరికీ రాలేదు. కానీ నీళ్లు లేని ఏళ్లలో పోయినవాళ్లు పోయారు. మా మేనమామ వాళ్లలో ఒకడు.

ఆయన పాస్‌పోర్టు తీయించుకున్న కథ మా ఇంట్లో పురాణం. పాస్‌పోర్టు ఆఫీసున్న సికింద్రాబాదుకు పోవాలంటే మొదటి బస్సు చాలదని ముందురోజే పోయి, చుట్టాలింట్లో పండుకుని, కోడి కూయకముందే లేచి వరుసలో రాయి పెట్టి వచ్చేవాడట. మనిషికి బదులు రాయి, చెప్పు, సంచి. ఫారం నింపేందుకు గేటు ముందు బల్ల వేసుకున్నవాడికి పది రూపాయలు. ఫొటో మీద గెజిటెడ్ సంతకం కోసం ఎవరినో పట్టుకుని ఎవరి ద్వారానో ఒక డాక్టరు ఇల్లు. పుట్టిన తేదీ తెలియదు. "పెద్ద వాన పడ్డ యేడు పుట్టిండు" అని మా అమ్మమ్మ సాక్ష్యం చెబుతుంది గానీ దాన్ని ఫారంలో రాసే గడి లేదు. నోటరీ అఫిడవిట్‌లో ఒక తేదీ పుట్టించారు. ఇప్పటికీ మా మామ పుట్టినరోజు ఆ నోటరీ పెట్టిందే. చివరికి ఎంక్వైరీకి ఒకాయన వచ్చాడు, పక్కింటి వాళ్ల సంతకాలు రెండు తీసుకున్నాడు, చాయ్ తాగాడు, చాయ్‌తో సరిపెట్టుకోలేదు. ఏ ఊరి స్టేషనో ఎందుకులెండి, ఆ రోజుల్లో అన్ని ఊళ్లదీ అదే కథ.

పుస్తకం చేతికొచ్చాక కూడా వరుస తీరలేదు. 1983 ఎమిగ్రేషన్ చట్టం వచ్చి, చదువు తక్కువున్నవాళ్లు గల్ఫ్ వంటి దేశాలకు కొలువుకు పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి దగ్గర అనుమతి తీసుకోవాలన్నది. ఉద్దేశం మంచిదే; కూలీని మోసపోకుండా చూడటం. పదో తరగతి పాసైనవారికి ఆ అనుమతి ముద్ర అక్కర్లేదన్నది తర్వాత వచ్చిన సడలింపు. దీంతో పాస్‌పోర్టుల్లో రెండు కులాలు ఏర్పడ్డాయి, ముద్ర కావలసినవీ అక్కర్లేనివీ. 1950లలో చదువు లేనివాడికి పాస్‌పోర్టే లేదన్నారు. ఇప్పుడు పాస్‌పోర్టు ఇచ్చి, పోవడానికి ఇంకో కిటికీ దగ్గరికి పొమ్మన్నారు.

అటు కూలీల బస్సు ఇలా నడుస్తుండగా ఇంకో బస్సు వచ్చింది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను వాజ్‌పేయి ప్రారంభించారు. అదే కాలంలో అమెరికా తన హెచ్‌-1బీ వీసాల పరిమితిని 65,000 నుంచి 1,15,000కు, 2001 ఆర్థిక సంవత్సరానికల్లా 1,95,000కు పెంచింది. కంప్యూటర్లలో 2000 సంవత్సరం తెచ్చిపెట్టిన తేదీల చిక్కు విప్పడానికి మనుషులు కావలసి వచ్చారు. అమీర్‌పేట గల్లీల్లో కోర్సులు మొదలయ్యాయి. అప్పటికి హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ లేదు, వీసాకు చెన్నై పోవాలి. 2008లో గానీ ఇక్కడ తెరవలేదు. చెన్నై రైలెక్కేముందు పిల్లలు మన దారిలోకి మళ్లారు. చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటే వీసా వస్తుందన్నారు. వచ్చినవాళ్లు తిరిగొచ్చి నూట ఎనిమిది చేయాలి. హుండీ లేని గుడి అది, దేవుడు అడిగేది నడకే. అలా పాత గుడికి "వీసా బాలాజీ" అన్న కొత్త పేరు పడింది. చేతిలో పాస్‌పోర్టు పట్టుకుని తిరిగే ఆ గుండ్రటి వరుసను చూసినప్పుడల్లా నాకు సికింద్రాబాద్ ఫుట్‌పాత్ మీద మా మామ పెట్టిన రాయి గుర్తొచ్చేది.

గిరాకీ ముంచెత్తడం మనకే వచ్చిన కష్టం కాదు. 1999 ఎండాకాలంలో బ్రిటన్‌కు వచ్చిన కష్టం చూడండి. పిల్లలకు కూడా వేరుగా పాస్‌పోర్టు ఉండాలని 1998 అక్టోబరులో నియమం పెట్టారు. సరిగ్గా అదే సమయానికి లివర్‌పూల్, న్యూపోర్ట్ కార్యాలయాల్లో కొత్త కంప్యూటర్లు బిగించారు. అవి పాత పద్ధతికన్నా నెమ్మదిగా నడిచాయి. జూన్‌కల్లా 5,65,000 దరఖాస్తులు పేరుకుపోయాయి. జనం కార్యాలయాల చుట్టూ చుట్టలు చుట్టుకుని నిలబడ్డారు, వాన పడింది. సర్కారు గొడుగులు కొనిపెట్టింది, 16,000 పౌండ్లు పెట్టి! ఆ గొడుగుల ఖర్చు అక్కడి ఆడిట్ నివేదికకెక్కింది. గొడుగుల సంగతి నవ్వులాటకు పనికొస్తుంది గానీ, వాళ్లు చేసిన ఇంకో పని తెలివైనది. గడువు తీరిన పాస్‌పోర్టులను పోస్టాఫీసుల్లో ఉచితంగా రెండేళ్లు పొడిగించారు. వరుసలో ఉన్నవాణ్ణి తొందరగా పంపలేకపోతే, వరుసలోకి రావలసిన అవసరం లేకుండా చేశారు. 2007లో అమెరికా కూడా ఇంచుమించు ఇదే చేసింది. మెక్సికో, కెనడా విమానాలకు పాస్‌పోర్టు తప్పనిసరి చేసి, ఏడాదిలో 1.84 కోట్ల పాస్‌పోర్టులు ఇచ్చుకోవలసి వచ్చి, ఊపిరాడక, దరఖాస్తు రసీదు చూపితే చాలు పోనిస్తామని కొన్ని నెలలు వదిలింది.

మన దగ్గర గడువు పొడిగింపుతో పోయే పని కాదు. ఇక్కడ నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది మొదటిసారి వచ్చినవాళ్లు. పైగా బయటి దేశాల నియమాలు ఎప్పుడు ఏ గుంపును తోలుకొస్తాయో తెలియదు. 2009లో సౌదీ ప్రభుత్వం హజ్‌కు వచ్చేవారందరికీ మామూలు పాస్‌పోర్టే ఉండాలంది. అంతవరకు యాత్రికులకు ప్రత్యేక పాస్ సరిపోయేది. ఒక్కసారిగా ముసలివాళ్లు, ఊరు దాటనివాళ్లు, చదువు రానివాళ్లు పాస్‌పోర్టు కార్యాలయాల ముందుకు వచ్చారు. వాళ్ల కోసం తక్కువ గడువుండే పాస్‌పోర్టులు ఇచ్చి గట్టెక్కారు. చేతిరాత పాస్‌పోర్టులు 2015 నవంబరు 24 తర్వాత చెల్లవని అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ అన్నప్పుడు ఇంకో గుంపు. 2014 చివరికి అలాంటివి 2.86 లక్షలు మిగిలి ఉన్నాయని కేంద్రం లెక్క చెప్పింది. గుండ్రటి అక్షరాలతో గుమాస్తా రాసిన మా మామ పాస్‌పోర్టు కూడా ఆ జాతిదే.

సర్కారు వరుస మీద పడి అసలు పని మొదలుపెట్టింది 2007లో. ఆ సెప్టెంబరులో పాస్‌పోర్టు సేవా ప్రాజెక్టుకు కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. మరుసటి ఏడాది టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌ను ఎంచుకున్నారు. 2010లో బెంగళూరులో ప్రయోగం, 2012 జూన్ నాటికి దేశమంతా 77 సేవా కేంద్రాలు. హైదరాబాదులో బేగంపేట, అమీర్‌పేట, టోలిచౌకి. మన దారివాళ్లకు టోలిచౌకి చేతికందే దూరం. మెహిదీపట్నంలో దిగితే షేర్ ఆటో.

ఆ కేంద్రం లోపల పని ఎలా పంచారో చెప్పాలి, ఎందుకంటే తెలివంతా అక్కడుంది. లోపలికి పోగానే టోకెన్. ఏ, బీ, సీ అని మూడు మెట్లు. ఏ కౌంటరులో కంపెనీ మనుషులు. కాగితాలు స్కాన్ చేస్తారు, ఫొటో తీస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. బీ కౌంటరులో సర్కారు ఉద్యోగి అసలు కాగితాలు చూస్తాడు. సీ కౌంటరులో ఇంకో సర్కారు అధికారి, ఇవ్వాలా వద్దా అన్నది తేల్చేది ఆయన. అంటే శ్రమ కంపెనీది, సంతకం సర్కారుది. ఎవరి వంతు ఎప్పుడో తెర మీద కనిపిస్తుంది. పాత కార్యాలయంలో గుమాస్తా మేజా మీద ఏ ఫైలు పైన ఉండాలో ఎవరో నిర్ణయించేవారు. ఇక్కడ నిర్ణయించేది టోకెను నంబరు. కంపెనీలకు సర్కారు పనులు అప్పగించడం మీద నాకు అనుమానాలు చాలా ఉన్నాయి గానీ, ఇక్కడ గీత గీసిన తీరు మాత్రం మెచ్చుకోదగ్గది. ఫీజూ పెరిగిందనుకోండి, 2012 అక్టోబరు నుంచి వెయ్యి కాస్తా పదిహేను వందలైంది. తత్కాల్ అయితే దాని మీద ఇంకో రెండు వేలు.

మరి వరుస ఏమైంది? కంప్యూటర్‌లోకి పోయింది. కేంద్రానికి పోవాలంటే ముందు ఆన్‌లైన్‌లో స్లాట్ దొరకాలి. స్లాట్లు విడుదలయ్యే సమయానికి ఇంటర్నెట్ సెంటర్లలో వేళ్లు మౌసు మీద సిద్ధంగా ఉండేవి. తెరిచిన నిమిషాల్లో అయిపోయేవి. గేటు ముందు బల్ల వేసుకున్నవాడి కొడుకు ఇప్పుడు ఏసీ గదిలో కీబోర్డు ముందు కూర్చున్నాడు, రేటు పెంచాడు. ఒక్కడే పదుల స్లాట్లు పట్టి అమ్ముకోవడం మొదలైంది. దానికి సర్కారు వేసిన విరుగుడు చిన్నది, కానీ పనిచేసింది: ముందు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టు, తర్వాతే స్లాట్. ఖాళీ పేర్లతో స్లాట్లు పట్టుకుంటే జేబుకు చిల్లు పడేలా చేశారు. బ్యాంకు కార్డు లేని మన పల్లెలవాళ్లకు మాత్రం అది ఇంకో గుమ్మమైంది. దాన్ని దాటించడానికి మళ్లీ మీసేవ కుర్రాడే దిక్కు.

నిజంగా జనానికి ఊరటనిచ్చినవి రెండు మార్పులని నా లెక్క. రెంటిలోనూ కంప్యూటర్ గొప్పతనం పెద్దగా లేదు. మొదటిది పుట్టిన తేదీ. 1989 జనవరి 26న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు జనన ధ్రువపత్రమే తేవాలని ఒక నియమం ఉండేది. ఇంట్లో మంత్రసాని చేతుల మీద పుట్టినవాళ్లకు ఆ పత్రం ఎక్కడిది? 2016 డిసెంబరులో దాన్ని ఎత్తేసి, బడి సర్టిఫికెట్, ఆధార్, పాన్ కార్డు, ఓటరు కార్డు వంటివి ఏదైనా చాలన్నారు. ఎన్ని వేల నోటరీ పుట్టినరోజులు ఆ ఒక్క మాటతో తప్పిపోయాయో! రెండోది పోస్టాఫీసు. 2017 జనవరిలో మైసూరు, దాహోద్‌లలో మొదలుపెట్టి, సేవా కేంద్రం లేని లోక్‌సభ నియోజకవర్గాల్లో తపాలా కార్యాలయాల్లోనే పాస్‌పోర్టు కేంద్రాలు తెరుస్తూ పోయారు. మన చేవెళ్ల నియోజకవర్గానికి వికారాబాద్ అలా దక్కింది. తాండూరు షాబాదు బండల క్వారీలో పనిచేసేవాడూ, శేరిలింగంపల్లిలో సాఫ్ట్‌వేర్ రాసేవాడూ ఒకే ఎంపీకి ఓటేసే నియోజకవర్గం ఇది. ఇద్దరికీ కావలసిన పుస్తకం ఒకటే, దారులే వేరు.

ఇక పోలీసు ఎంక్వైరీ. తెలంగాణ పోలీసులు వెరిఫాస్ట్ అనే యాప్ తెచ్చి, కానిస్టేబుల్ చేతికి ట్యాబ్ ఇచ్చారు. ఇంటి ముందే ఫొటో తీసి, వివరాలు పంపేస్తాడు. ఈ వేగానికి విదేశాంగశాఖ నుంచి వాళ్లకు అవార్డులొచ్చాయి. మా పక్కింటి అబ్బాయికి కానిస్టేబుల్ ముందు ఫోన్ చేసి "ఇంట్లో ఉన్నరా అండీ" అని అడిగాడని విని మా మామ చాలాసేపు నమ్మలేదు.

కరోనా తర్వాత వచ్చిన ముంపు మాత్రం ఇన్ని కౌంటర్లనూ ముంచింది. రెండేళ్లు ఆగిన చదువులు, కొలువులు, కోడలి పురుళ్లకు పోవలసిన అత్తలు అందరూ 2022లో ఒక్కసారే లేచారు. హైదరాబాదులో స్లాట్ కోసం వారాలు ఆగవలసి వచ్చింది. అప్పుడు సర్కారు చేసింది పాత ఇంటి వైద్యమే: శనివారాలు కూడా తెరిచింది. రాష్ట్రంలోని ఐదు సేవా కేంద్రాలు, పోస్టాఫీసు కేంద్రాలు పద్నాలుగు, సెలవు రోజున పనిచేశాయి. అదే ఏడు సెప్టెంబరు చివర, పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ల దరఖాస్తులను పోస్టాఫీసులకూ పంచారు. గల్ఫ్ కొలువులకు అవి తప్పనిసరి కావడంతో ఆ గుంపు విడిగా పెరిగిపోయింది మరి. దేశం మొత్తం మీద 2014లో ఇచ్చిన పాస్‌పోర్టులు 91 లక్షలైతే, 2024లో ఇచ్చినవి 1.46 కోట్లని విదేశాంగమంత్రి చెప్పారు. ఈ అంకె మీద కాసేపు ఆలోచించాను. పదేళ్లలో ఏడాదికి వచ్చేవాళ్ల సంఖ్యే యాభై ఐదు లక్షలు పెరిగితే శనివారాలు ఎన్నని తెరుస్తారు? 2025 సెప్టెంబరులో అమీర్‌పేట కేంద్రాన్ని ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌కూ, టోలిచౌకి కేంద్రాన్ని రాయదుర్గానికీ మార్చారు. మెహిదీపట్నంలో దిగి షేర్ ఆటో ఎక్కే మన అలవాటుకు అక్కడితో తెర పడింది.

మొన్న మా మామ మనవరాలు పాస్‌పోర్టు తీయించుకుంది. కొత్త రకం, అట్ట మీద అడుగున బంగారు రంగులో చిన్న గుర్తు, లోపల చిప్పు. పొద్దున పది గంటల స్లాట్, మధ్యాహ్నం అన్నానికి ఇంట్లో ఉంది. వారం తిరక్కముందే స్పీడ్ పోస్టు వచ్చింది. మా మామ సందుగలోంచి తన పాత పాస్‌పోర్టు తీసి పక్కన పెట్టాడు. మూల కత్తిరించి, రద్దు ముద్ర వేసి ఇచ్చిన పుస్తకం. ఫొటోలో ఉన్నవాడికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. రెంటినీ తిప్పి తిప్పి చూసి ఆ పిల్ల అడిగింది, "తాతా, గిది ఎన్ని రోజులకొచ్చింది?"

"రోజులా?" అని మామ నవ్వాడు.

ఆమెకు వీసా ఇంటర్వ్యూ తేదీ ఇంకా దొరకలేదు. రాత్రి పన్నెండుకు లేచి ఫోన్‌లో చూస్తోంది, తెల్లారుజామున చూస్తోంది. శుక్రవారం పొద్దున్నే ముగ్గురం చిలుకూరు పోయాం. చీటీ మీద పదకొండు గడులు, చుట్టుకొక టిక్కు. జనం గట్టిగా ఉన్నారు. నాలుగో చుట్టులో ముందు నడిచేవాళ్లు ఆగిపోయారు, మేమూ ఆగాం. మామ మెడ ఎత్తి చూసి, "ముందట ఎంతమంది ఉన్నరు?" అని అడిగాడు.

(వచ్చే భాగం: గండిపేట కట్ట – 1908 వరద నుంచి)